అంచుకు పోవాల్నా, మీటరు లోపలికి పోవాల్నా?

నల్లగొండ గడియారం సెంటర్ల సైకిల్ తొక్కేటోళ్లు ఎక్కువమంది రోడ్డు అంచుకే పోతరు, అదే భద్రం అనుకుంటరు గానీ ఇసుక, డ్రైనేజీ మూతలు, ఆగిన కార్ల డోర్లు అన్నీ అక్కడనే, మొన్న నా హ్యాండిల్‌కు బెత్తెడు దూరంల ఒక డోర్ తెరుసుకుంది, గుండె ఆగినంత పనయింది.

ఆగిన బండ్లకు మీటరు దూరంగ, ఎడమ దిక్కే, వంకర్లు తిరగకుంట సీదా పోతే వెనకోళ్లకు మంచిగ కనవడతం, ఇంత సందు దొరికింది కదా అని ఆటోలు మనల్ని గీసుకుంట పోవు. హారన్లు కొడతరు, కొట్టనియ్యుండ్రి.

నార్కట్‌పల్లి కాడ 65వ నంబరు హైవే మీద మాత్రం లారీల స్పీడ్‌కు అంచే నయం. బస్సు ఎడమ పక్క సందులకైతే అస్సలు దూరొద్దు, డ్రైవర్‌కు మనం కనవడం. రాత్రి వెనక ఎర్ర లైట్ లేకుంటే రెండూ దండగే.