మంచుకొండల సామాను, నెల్లూరు బీరువా: అయిదు ప్రయాణాల తర్వాత

2019 అక్టోబరులో నేను కొన్న మంచు నడక సామాను అయిదు శీతాకాల ప్రయాణాలు చూసింది. లెక్క వేస్తే అది మంచులో గడిపిన రోజులు ముప్పైకి మించవు. మిగిలిన కాలమంతా నెల్లూరులో, మా పడకగది బీరువా అడుగు అరలో ఉంది. ఇలాంటి వస్తువుల మీద వచ్చే సమీక్షలన్నీ అవి ఎంత చలికి ఆగాయో చెబుతాయి గానీ, ఏడాదిలో పదకొండున్నర నెలలు ఉక్కపోతలో పడి ఉంటే ఏమవుతాయో చెప్పవు. నా సామానులో చెడిపోయిన వస్తువులన్నిటికీ ఆ చెడు ఇంట్లోనే మొదలైంది. కోస్తా నుంచి హిమాలయాలకు బయలుదేరాలనుకునేవారికి పనికివస్తుందని ఆ వివరమే రాస్తున్నాను.

ప్రయాణాల సంగతి క్లుప్తంగా చెబుతాను. 2019 డిసెంబరులో ఉత్తరాఖండ్‌లోని సాంక్రీ గ్రామం నుంచి కేదార్‌కంఠ శిఖరం, రెండేళ్ల కరోనా విరామం తర్వాత 2022 జనవరిలో అక్కడే లోహాజంగ్ నుంచి బ్రహ్మతాల్ సరస్సు. 2023 జనవరిలో క్వారీ పాస్ అనే కనుమకు వెళ్లాలనుకున్నాము గానీ, సరిగ్గా ఆ రోజుల్లోనే ఆ దారిలో ఉన్న జోషీమఠ్ పట్టణంలో నేల కుంగి ఇళ్లు బీటలు వారడంతో ఆ ఆలోచన మానుకుని మళ్లీ కేదార్‌కంఠకే వెళ్లాము. క్వారీ పాస్ 2024 ఫిబ్రవరిలో కుదిరింది. చివరిది 2025 జనవరిలో, కొత్త బూట్లతో మూడోసారి కేదార్‌కంఠ. ఆ దారి సులువని చెప్పుకుంటారు గానీ శిఖరం 12,500 అడుగుల ఎత్తున ఉంటుంది, అక్కడ పీల్చే గాలిలో అందే ఆక్సిజన్ మన ఊళ్లో అందేదానిలో మూడింట రెండు వంతుల కంటే తక్కువ.

మొదట బూట్లు. చీలమండ దాటి పైకి వచ్చే, నీరు లోపలికి రానివ్వని పొర ఉన్న జత అది. ఆరున్నర వేలకు కొన్నాను. కంపెనీ పేరు చెప్పను, ఎందుకంటే ఈ లోపం ఒక్క కంపెనీది కాదు. మందపు మేజోళ్లకు చోటుండాలని, దిగేటప్పుడు కాలివేళ్లు ముందుకు గుద్దుకోకూడదని ఒక సైజు పెద్దది తీసుకోవడం నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. బూట్లను కాలికి అలవాటు చేయడానికి నవంబరు ఆదివారాలు ఉదయగిరి దుర్గం ఎక్కాను. 1514లో శ్రీకృష్ణదేవరాయలు గజపతుల నుంచి గెలుచుకున్న ఆ కోట సుమారు మూడు వేల అడుగుల ఎత్తున్న కొండ మీద ఉంది. మోకాళ్లకూ మడమలకూ మన జిల్లాలో అంతకన్నా మంచి పరీక్ష నాకు కనబడలేదు. మొదటి మూడు ప్రయాణాల్లో బూట్లు ఒక్క చుక్క నీరు లోపలికి రానివ్వలేదు, పట్టు తప్పలేదు, బొబ్బలు రాలేదు. అప్పుడే ఈ సమీక్ష రాసి ఉంటే కళ్లు మూసుకుని కొనమనేవాణ్ణి.

నాలుగో ప్రయాణంలో, క్వారీ పాస్ నుంచి దిగుతున్నప్పుడు, కుడి బూటు మడమ దగ్గర అడుగు అట్ట ఊడి వేలాడింది. పది నిమిషాలకు ఎడమదీ అదే దారి పట్టింది. మంచులో జారకుండా బూటు మీద తొడిగే ఉక్కు ముళ్ల గొలుసు, అంటే మైక్రోస్పైక్‌లు, రబ్బరు పట్టీతో బూటును చుట్టూ బిగించి ఉండడం వల్ల అట్ట పూర్తిగా విడిపోలేదు. మా గైడు దాని మీద తాడు చుట్టి ముడివేశాడు, శిబిరం దాకా అలాగే నడిచాను. ఇంటికి తెచ్చి మద్రాసు బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపిస్తే, ఆయన గోటితో గీరి, "దీన్ని అతికించినా నిలబడదు సార్, లోపలిదంతా పిండైపోయింది" అన్నాడు. నిజంగానే పిండిలా రాలింది.

తర్వాత చదివి తెలుసుకున్నది ఇది. బూటు పైభాగానికీ అడుగు రబ్బరుకూ మధ్య కుదుపును మింగే మెత్తని పొర ఒకటి ఉంటుంది. చాలా ట్రెక్కింగ్ బూట్లలో దాన్ని పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్ పదార్థపు నురగతో చేస్తారు. గాలిలోని తేమ ఆ పదార్థపు అణువుల గొలుసులను మెల్లగా తెంచుతుంది. వేడి తోడైతే ఆ పని ఇంకా వేగంగా సాగుతుంది. వాడకుండా పెట్టెలో మూసి ఉంచినంత మాత్రాన ఇది ఆగదు. కరోనా రెండేళ్లూ నేను వాటిని భద్రంగా అట్టపెట్టెలో ఉంచి, పైన ప్లాస్టిక్ సంచి కట్టి, జాగ్రత్త పడ్డాననుకున్నాను. తేమను లోపల పెట్టి మూత వేశానన్నమాట. ఇప్పుడు వాడుతున్న జతలో ఆ పొర ఈవీఏ అనే మరో రకం నురగతో చేసినది. అది వాడేకొద్దీ అణిగి పలచబడుతుంది గానీ తేమకు ఇలా పిండి కాదు. ఏడాదికి ఒక్కసారి మంచుకు వెళ్లే కోస్తావారు కొనేముందు దుకాణంలో అడగవలసిన మొదటి ప్రశ్న ఇదేనని నా అభిప్రాయం. దుకాణదారుకు తెలియకపోతే బూటుతో వచ్చే కాగితంలో చూడవచ్చు.

నీరు ఆపే పై కోటుకూ ఇదే జబ్బు పట్టింది. దాని లోపలి పూత కూడా పాలీయురేథేనే. మూడో ఏడాదికి అది జిగటగా మారి పొలుసులుగా ఊడసాగింది, మంచు కరిగిన నీళ్లు భుజాల దగ్గర దిగాయి.

బాతు నూగు ఈకల జాకెట్ కథ వేరు. కొన్నరోజున దాన్ని పరీక్షించడానికి నాకు చలి దొరకలేదు. డిసెంబరు తెల్లవారుజామున కూడా నెల్లూరులో ఇరవై డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటుంది. ఏసీని పదహారులో పెట్టి, జాకెట్ వేసుకుని మంచం మీద కూర్చుంటే, మా అమ్మ వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టి "ఒంట్లో ఎట్లా ఉంది నాయనా?" అని అడిగింది. పైన, రాత్రి సున్నాకు పది డిగ్రీల దిగువన, ఆ జాకెట్ అద్భుతంగా పనిచేసింది. అయితే అది నిలబడి ఉన్నప్పుడు వేసుకునే వస్తువే తప్ప నడిచేటప్పుడు వేసుకునేది కాదని మొదటి ప్రయాణంలో నాకు తెలియలేదు. ఎక్కుతూ చెమట పట్టించుకున్నాను, లోపల వేసుకున్న నూలు బనీను తడిసి ఒంటికి అతుక్కుంది, ఆగగానే వణుకు మొదలైంది. ఈకలు తడిస్తే ఉండకట్టి వెచ్చదనాన్ని పోగొట్టుకుంటాయి. రెండో ప్రయాణం నుంచి ఒంటికి ఆనుకుని త్వరగా ఆరే పాలియెస్టర్ చొక్కా, దాని మీద పలచని ఫ్లీసు, అంటే ఉన్నిలా ఉండే పాలియెస్టర్ స్వెట్టరు, మాత్రమే వేసుకుని నడిచాను, ఆగినచోట జాకెట్ తొడిగాను. ఇంట్లో దాన్ని సంచిలో కుక్కి ఉంచడం నా రెండో తప్పు. ఈకలు నలిగి పొంగు తగ్గింది, పైగా ముక్కిన వాసన పట్టింది. ఇప్పుడు ఏప్రిల్లో ఒకసారి, ఎండ ముదిరాక, తక్కువ సబ్బుతో ఉతికి నీడలో రెండు రోజులు ఆరబెట్టి, కొక్కేనికి వేలాడదీస్తున్నాను.

తలకు కట్టుకునే దీపంలో బ్యాటరీలు తీయకుండా ఉంచితే అవి కారి తెల్లటి పొడి కట్టాయి, దీపం పారేయవలసివచ్చింది. మైక్రోస్పైక్‌లను తడిగా సర్దినందుకు తుప్పు పట్టింది, కుట్టుమిషను నూనెతో తుడిస్తే చాలావరకు పోయింది. చలువ కళ్లద్దాలకు ఏమీ కాలేదు. కొత్త మంచు మీద పడిన అతినీలలోహిత కిరణాల్లో ఎనభై శాతం దాకా తిరిగి కళ్లలోకి వస్తాయి కాబట్టి వాటి విషయంలో మాత్రం పొదుపు చేయకూడదు.

ఇంత అనుభవించాక కొనవలసినవి ఏవి, అద్దెకు తీసుకోవలసినవి ఏవి అన్న విషయంలో నా అభిప్రాయం పూర్తిగా మారింది. కాలికి, ఒంటికి ఆనుకునేవి సొంతవి ఉండాలి: బూట్లు, మేజోళ్లు, లోపలి చొక్కాలు, చేతి తొడుగులు. నూగు జాకెట్, గెయిటర్లు (బూట్లలోకి మంచు పోకుండా పిక్కలకు చుట్టుకునే తొడుగులు), మైక్రోస్పైక్‌లు, చేతికర్రలు సాంక్రీలోనే అద్దెకు దొరుకుతాయి. అక్కడి పొడి చలిలో అవి మన బీరువాలో కంటే ఎక్కువ కాలం బతుకుతాయి. నిద్ర సంచిని మనల్ని కొండకు తీసుకెళ్లే సంస్థవారే ఇస్తారు. అద్దె జాకెట్ జిప్పు ఊడిపోయి ఉండవచ్చు, ముందువాడి చెమట వాసన రావచ్చు. అది భరించలేనివారు మాత్రం కొనుక్కోవాలి.

మరో చిక్కు కాలానిది. హిమాలయాల్లో మంచు కురిసే ముందు మనకు ఈశాన్య రుతుపవనాల వాన కురుస్తుంది. సామాను బయటికి తీసి చూసుకోవలసిన నెలలు, ఊళ్లో తేమ ముదిరే నెలలు ఒకటే. 2023 డిసెంబరు 5న బాపట్ల దగ్గర మిచౌంగ్ తుపాను తీరం దాటే ముందు నెల్లూరు నీళ్లలో నానింది. ఆ వారమంతా బీరువా తలుపు తెరవలేదు, ఉదయగిరి వైపు పోలేదు. రెండు నెలలకు క్వారీ పాస్‌లో బూట్లు ఊడాయి. తుపానే వాటిని చెడగొట్టిందనను, కానీ ఆ డిసెంబరులో ఒక్క ఆదివారం కొండ ఎక్కి ఉంటే అట్ట ఇక్కడే ఊడి ఉండేది. అందుకే ఇప్పుడు సెప్టెంబరులోనే, వానలకు ముందే, బూట్లు తొడుక్కుని రెండుసార్లు దుర్గం ఎక్కి దిగుతున్నాను. వేలితో అట్ట అంచు నొక్కి చూస్తున్నాను.

ప్రస్తుతం బూట్లు మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో, లోపల తేమను పీల్చే నాలుగు సిలికా జెల్ గింజల పొట్లాలతో ఉన్నాయి. గింజలు నీలం నుంచి గులాబీ రంగుకు మారితే తేమ నిండిందని గుర్తు. పొట్లం విప్పి వాటిని సన్న సెగ మీద వేడిచేస్తే మళ్లీ నీలమవుతాయి. పోయిన ఆగస్టులో మూడు వారాలకే గులాబీ అయ్యాయి.