రాత్రి 3 గంటలకు ఒక్కసారి రీబూట్: ఏడేళ్లు వాడాక షట్‌డౌన్ కమాండ్ గురించి

లినక్స్ సర్వర్‌లో కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి భాగం) అప్‌డేట్ పగలే వేసేయొచ్చు, అది అమల్లోకి రావడానికి చేసే రీబూట్ మాత్రం జనం పడుకున్నాకే చేయాలి. దానికోసం మూడింటి దాకా మేలుకుని కూర్చునే ఓపిక నాకెప్పుడూ లేదు. అందుకే ఈ ఏడేళ్లలో చెప్పిన టైముకి పని చేసిపెట్టే క్రాన్, యాట్, సిస్టమ్‌డీ-రన్, షట్‌డౌన్ అన్నీ వాడి చూసి, చివరికి షట్‌డౌన్ దగ్గర ఆగిపోయాను. పని అయిపోయాక ఆ షెడ్యూల్ తాలూకు జాడ సర్వర్‌లో మిగలకపోవడమే దానిలో నాకు నచ్చింది. జాడ మిగిలితే ఏమవుతుందో క్రాన్ నేర్పింది.

కొత్తలో రూట్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఉన్న యూజర్) క్రాన్‌టాబ్‌లో, అంటే క్రాన్ చదివే పనుల జాబితాలో, తేదీ, నెల వేసి మూడింటికి రీబూట్ అని ఒక లైను రాశాను. ఆ రాత్రి చక్కగా జరిగింది, లైను తీసేయడం మర్చిపోయాను. క్రాన్‌లో నిమిషం, గంట, తేదీ, నెల, వారం ఉంటాయి కానీ సంవత్సరానికి చోటు లేదు కదా, మరుసటి ఏడాది సరిగ్గా అదే తేదీన బ్యాకప్ నడుస్తుండగా సర్వర్ దానంతటదే రీబూట్ అయింది. పొద్దున్నే ఎవరో లోపలికి చొరబడ్డారన్న టెన్షన్‌తో లాగ్‌లన్నీ తిరగేస్తే రెండు గంటలకు దొంగ దొరికాడు, నేనే. తేదీతో పాటు వారం కూడా రాస్తే సరిపోతుందిలే అనుకునేవాళ్లకు ఇంకో మాట: ఆ రెండూ కలవాలని క్రాన్ చూడదు, ఏ ఒక్కటి కుదిరినా నడిపేస్తుంది. జూన్ 14, ఆదివారం అని రాస్తే జూన్‌లో ప్రతి ఆదివారమూ రీబూటే.

షట్‌డౌన్‌కి ఇంత తతంగం లేదు. సాయంత్రం వెళ్లేముందు 'షట్‌డౌన్ -ఆర్ 03:00' అని కొడితే చాలు. ఆ సమయం ఇవాళ్టికి దాటిపోయి ఉంటే రేపటిది తీసుకుంటుంది. మనసు మారితే 'షట్‌డౌన్ -సి' కొడితే రద్దు. సిస్టమ్‌డీ (బూట్ నుంచి సర్వీసుల దాకా చూసుకునే ప్రోగ్రామ్) ఉన్న డిస్ట్రోల్లో, అంటే లినక్స్ రకాల్లో, ఈ షెడ్యూల్ రన్ అనే డైరెక్టరీలో, అంటే మెమరీలోనే ఉంటుంది కాబట్టి రీబూట్‌తోనే అదీ పోతుంది. ఈలోగా ఇంకెవరైనా రీబూట్ చేసేసినా మళ్లీ మూడింటికి రెండోసారి జరగదు. సిస్టమ్‌డీకి ముందు తరం సిస్‌వీ-ఇనిట్ ఉన్న పాత మిషన్లలో మాత్రం ఈ కమాండ్ ప్రాంప్ట్ (తర్వాతి కమాండ్ కొట్టే చోటు) తిరిగి ఇవ్వకుండా అక్కడే కూర్చుంటుంది, మనం లాగౌట్ అయినా కమాండ్‌ని నడిపిస్తూ ఉంచే 'స్క్రీన్' అనే టూల్‌లో పెట్టి వదిలేసేవాణ్ని.

మైనస్‌లు లేవని కాదు. సిస్టమ్‌డీ మిషన్లలో '-ఆర్' మర్చిపోతే రీబూట్ కాదు, పవర్ ఆఫ్. ఎక్కడో ఉన్న సర్వర్ ఆగిపోతే పవర్ బటన్ నొక్కడానికి ఎవరిని బతిమాలాలో వెతుక్కోవాలి. సమయం మర్చిపోతే ఒక్క నిమిషంలో పని అయిపోతుంది. '+3' అంటే మూడు గంటలు కాదు, మూడు నిమిషాలు. 24 గంటల గడియారం కాబట్టి అర్ధరాత్రి పన్నెండున్నరకు 00:30 అని కొట్టాలి, నేనొకసారి 12:30 అని కొట్టి రాత్రంతా హాయిగా పడుకుని, మర్నాడు మధ్యాహ్నం అందరూ పనిలో ఉండగా దాని ఫలితం చూశాను! ఇంకోటి, సమయానికి 5 నిమిషాల ముందు నుంచి రూట్ కాని యూజర్ల లాగిన్‌లు ఆపేస్తుంది, 02:55 తర్వాత అలాంటి యూజర్ పేరుతో ఎస్ఎస్‌హెచ్ (దూరం నుంచి సర్వర్‌లోకి లాగిన్ అయ్యే పద్ధతి) ద్వారా వచ్చే స్క్రిప్ట్‌లుంటే ఫెయిల్ అవుతాయి. చాలా సర్వర్లు మన టైములో కాకుండా యూటీసీలో (ప్రపంచ ప్రామాణిక సమయం) నడుస్తాయి కాబట్టి ముందు 'డేట్' కొట్టి సర్వర్ టైము చూసుకోవడం ఇప్పుడు చేతికి అలవాటైపోయింది.

అసలు లోటు ఏంటంటే దీనికి తేదీ ఇవ్వలేం, 03:00 లాగా గడియారం సమయం ఇస్తే 24 గంటల లోపే. శనివారం రాత్రికి బుధవారమే పెట్టాలంటే కొన్నాళ్లు యాట్ వాడాను. పెట్టిన పనులు 'ఏటీక్యూ' కమాండ్‌తో చూడొచ్చు, 'ఏటీఆర్ఎమ్'తో తీసేయొచ్చు, వాడుక తేలికే. కానీ ఆ పని డిస్క్ మీద ఉంటుంది, చెప్పిన సమయానికి సర్వర్ ఆఫ్‌లో ఉంటే తర్వాత ఆన్ అవగానే యాట్ పనులు నడిపే ఏటీడీ ఆ బాకీ తీర్చేస్తుంది, అప్పుడే లేచిన సర్వర్ మళ్లీ పడుకుంటుంది. అందుకే ఇప్పుడు ముందుగా తేదీతో పెట్టాల్సినవాటికి మాత్రం 'సిస్టమ్‌డీ-రన్ --ఆన్-క్యాలెండర్' ఇచ్చి పూర్తి తేదీ, సమయం రాస్తున్నాను. ఆ టైమర్ కూడా మెమరీలోనే ఉంటుంది, 'సిస్టమ్‌సీటీఎల్ లిస్ట్-టైమర్స్'లో ఇంకా ఎంతసేపుందో కనిపిస్తుంది. కమాండ్ పొడవు మాత్రం చిరాకు, ఏళ్లు గడిచినా నోట్స్‌లోంచి కాపీ చేయాల్సిందే. లాగిన్ అయి ఉన్నవాళ్లకు షట్‌డౌన్‌లా ముందునుంచీ హెచ్చరికలూ పంపదు.

షట్‌డౌన్‌లో పెట్టింది సరిగ్గా పడిందా అని చూడాలంటే కొత్త వెర్షన్లలో '--షో' ఉంది. అది లేని మిషన్లలో రన్ డైరెక్టరీలోని ఫైలు తెరవాలి, 1970 నుంచి లెక్కేసిన మైక్రోసెకన్ల అంకె ఒకటి కనిపిస్తుంది, దాన్ని మామూలు సమయంలోకి మార్చుకోవడం మన ఖర్మ. దానికి షట్‌డౌన్‌కి నేనిచ్చే రేటింగ్‌లో ఒక స్టార్ తగ్గిస్తాను.

పొద్దున్నే నేను కొట్టేది 'అప్‌టైమ్ -ఎస్' (సర్వర్ ఎప్పుడు లేచిందో చెప్తుంది), తర్వాత 'సిస్టమ్‌సీటీఎల్ --ఫెయిల్డ్' (ఫెయిలైన సర్వీసులు చూపిస్తుంది). మొన్న ఒకసారి రెండూ శుభ్రంగా ఉన్నాయి, అప్లికేషన్ మాత్రం లేవలేదు. ఎప్పుడో ఎవరో చేత్తో స్టార్ట్ చేసి, ఎనేబుల్ చేయకుండా, అంటే బూట్ అయినప్పుడు దానంతటదే లేచేలా పెట్టకుండా, వదిలేసిన సర్వీస్ అది. దీనికి షట్‌డౌన్ ఏం చేస్తుంది, స్టార్ తగ్గించలేదు.