చిన్న గనుల్లో బంగారం తీయడానికి ఏది మేలు: పాదరసమా, వెలిగారమా, సైనైడా?

ఘనా, పెరూ, ఇండోనేషియా, ఫిలిప్పీన్స్ లాంటి దేశాల్లో చేతి పనిముట్లతో రాయి తవ్వి, నూరి, బంగారం తీసి బతికేవాళ్లు కోటికి పైగా ఉన్నారు. వాళ్ల ముందున్న దారులు ముఖ్యంగా మూడు.

పాదరసం చవక, పని తేలిక. అందుకే వదలరు. రాతిపొడిలో కలిపితే బంగారాన్ని పట్టుకుని ముద్దవుతుంది. ఆ ముద్దను బట్టలో పిండి కాలిస్తే పాదరసం 357 డిగ్రీలకు మరిగి ఆవిరైపోతుంది, బంగారం మిగులుతుంది. ఆ ఆవిరిని పీల్చేది కాల్చే మనిషే. ఇంట్లో కాలిస్తే పిల్లలు కూడా. పోనీ దిగుబడి బాగుంటుందా అంటే అదీ లేదు, చాలాచోట్ల రాతిలోని బంగారంలో సగం కూడా చేతికి రాదు. పొడి మొత్తాన్ని మిల్లులోనే పాదరసంతో తిప్పడం మరీ చేటు. పాదరసం సన్నటి బొట్లుగా చీలి, తాను పట్టిన బంగారంతో సహా వాగులో కలుస్తుంది.

వెలిగారం అంటే మన కంసాలులు టంకం పెట్టేటప్పుడు వాడేదే. ఫిలిప్పీన్స్‌లోని బెంగెట్‌లో చిన్న గనులవాళ్లు దశాబ్దాలుగా పాదరసం లేకుండా దీనితోనే బంగారం తీస్తున్నారు. ఇందులో అసలు పనితనం కరిగించడానికి ముందే ఉంది. పొడిని వాలుతొట్టిలో కడగాలి, మిగిలిన బరువైన ఇసుకను పళ్లెంలో మళ్లీ మళ్లీ జాడించాలి, ఇనుప రేణువులను అయస్కాంతంతో తీసేయాలి. ఆ మిగులులో వెలిగారం కలిపి మూసలో పెట్టి, బొగ్గుల మీద గాలి కొడుతూ కరిగించాలి. బంగారం కరగడానికి 1064 డిగ్రీలు కావాలి. వెలిగారం 743 దగ్గరే కరిగి, ఇసుక రేణువులను తనలో కలుపుకుని పలచటి చిట్టెంగా (కరిగిన మడ్డిగా) మారుతుంది. బరువైన బంగారం అడుక్కి దిగి గుండు కడుతుంది. జాడింపు సరిగా లేక ఇసుక ఎక్కువైతే చిట్టెం చిక్కబడి బంగారం అందులోనే పూసలుగా చిక్కుకుంటుంది. గంధకపు ఖనిజాలు ఎక్కువున్నా ఇబ్బందే.

కంటికి ఆనని సన్న బంగారం జాడింపులో నిలవదు. దానికి సైనైడే తగినది. సైనైడ్ కలిపిన నీరు రాతిపొడిలోని బంగారాన్ని కరిగించుకుంటుంది, సరిగా నడిపితే 90 శాతం దాకా రాబడుతుంది. అయితే సున్నం వేసి ఆ ద్రావణం పీహెచ్‌ను, అంటే ఆమ్ల క్షార గుణాల కొలతను, 10.5 దగ్గర నిలపాలి. అది 9 కన్నా దిగితే ప్రాణం తీసే విషవాయువు లేస్తుంది. రాతిలో రాగి ఉంటే సైనైడ్‌ను అదే తినేస్తుంది. వ్యర్థాన్ని కట్టలో ఆపి విషం విరగ్గొట్టాలి. 2000లో రొమేనియాలోని బాయా మారే దగ్గర అలాంటి కట్ట తెగి, తీసా నదిలో చేపలు గుట్టలుగా చచ్చాయి. ఇది పెరట్లో చేసే పని కాదు. లైసెన్సు, ప్రయోగశాల ఉన్న ప్లాంటు చెయ్యాలి.

కాబట్టి కంటికి కనిపించే ముతక బంగారానికి నా ఓటు వెలిగారానికే. సన్న బంగారమైతే జాడించిన మిగులును ప్లాంటుకు అమ్మాలి. పాదరసం వాడిన వ్యర్థాన్ని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సైనైడ్ తొట్టెలో వేయకూడదు. సైనైడ్ ఆ పాదరసాన్ని నీటిలో కరిగిస్తుంది, ఆ నీరు చేపల్లోకి, చేపలు తినేవాళ్లలోకి దాన్ని మోస్తుంది.