మెట్రోకి అప్పు ఎక్కడ తేవాలి: జపాన్ రుణమా, జనం బాండా, బ్లాక్‌చైన్ టోకెనా?

మియాపూర్‌లో ఎక్కి అమీర్‌పేటలో రైలు మారే వాళ్లలో నేనూ ఒకణ్ణి. మియాపూర్ నుంచి పటాన్‌చెరు దాకా మెట్రో ఎప్పుడొస్తుందన్న మాట మా పెట్టెలో రోజూ ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. ఆ 13.4 కిలోమీటర్లతో కలిపి రెండో దశలోని 'ఎ' భాగం మొత్తం ఐదు కారిడార్లు, 76.4 కిలోమీటర్లు. అంచనా ఖర్చు 24,269 కోట్లు. రాష్ట్ర ప్రభుత్వం 2024 నవంబరులో ఆమోదించి కేంద్రానికి పంపిన లెక్క ఇలా ఉంది: రాష్ట్రం వాటా 7,313 కోట్లు, కేంద్రం వాటా 4,230 కోట్లు, ప్రైవేటు భాగస్వామ్యం 1,033 కోట్లు. మిగిలిన 11,693 కోట్లు, అంటే దాదాపు సగం, అప్పు.

ఈ అప్పు గురించే ఈ మధ్య ఒక వాదన తరచుగా వినిపిస్తోంది. జపాన్ సంస్థ దగ్గరికో, ఆసియా అభివృద్ధి బ్యాంకు దగ్గరికో వెళ్లడం ఎందుకు, బ్లాక్‌చైన్ (చాలామంది దగ్గర నకళ్లుండే డిజిటల్ ఖాతా పుస్తకం) మీద టోకెన్లు, అంటే డిజిటల్ బాండ్లు, చేసి వెయ్యి, రెండు వేల చొప్పున జనానికే అమ్మితే పోదా అని. ఆలోచన మంచిదే. మన ఊరి రైలుకి మన డబ్బు, వడ్డీ కూడా మనకే. అయితే అప్పు తేవడానికి ఏ దారి మేలో చూడాలంటే ఒక్కో దారిలో ఇప్పటిదాకా ఏం జరిగిందో చూడాలి.

ముందు పాత దారి. ఢిల్లీ మెట్రోకి 1997 నుంచి జైకా, అంటే జపాన్ ప్రభుత్వ రుణ సంస్థ, అప్పు ఇస్తూ వచ్చింది. మన ఔటర్ రింగ్ రోడ్డులో కొంత భాగం కూడా దాని డబ్బుతోనే వేశారు. వడ్డీ తక్కువ, గడువు చాలా ఎక్కువ, మొదటి కొన్నేళ్లు అసలు కట్టక్కర్లేదు. మెట్రోకి ఇది ప్రాణం లాంటిది. ఎందుకంటే లైను వేసేటప్పుడు ఆదాయం సున్నా, వేశాక కూడా జనం అలవాటు పడటానికి ఏళ్లు పడుతుంది. ఇబ్బంది ఏమిటంటే అప్పు యెన్‌లలో ఉంటుంది, టికెట్ డబ్బు రూపాయల్లో వస్తుంది. రూపాయి పడిపోతే తక్కువ వడ్డీ లాభం కొంత కరిగిపోతుంది. ఇంకొకటి, ఈ డబ్బు ఎటు పోతోందో మామూలు మనిషికి కనిపించదు.

మొదటి దశ కథ వేరు. 2008లో మేటాస్ అనే కంపెనీ (సత్యం యజమాని కుటుంబానిది) ప్రభుత్వం నుంచి పైసా అడగకపోగా తానే 30,311 కోట్లు ఎదురు చెల్లిస్తానని బిడ్ గెలిచింది. సత్యం కుంభకోణం బయటపడ్డాక 2009లో ఆ కాంట్రాక్టు రద్దయింది. 2010లో ఎల్ అండ్ టీ వచ్చింది. కేంద్రం 1,458 కోట్ల గ్రాంటు ఇచ్చింది. 2017 నవంబరులో నాగోల్ నుంచి మియాపూర్ రైలు నడిచింది. 2025 సెప్టెంబరుకి వచ్చేసరికి సుమారు 13 వేల కోట్ల అప్పును రాష్ట్రమే నెత్తికెత్తుకుని ఎల్ అండ్ టీ వాటా తీసుకోవడానికి ఒప్పుకుంది.

నేను ఇక్కడ కాసేపు ఆగాలనుకుంటున్నాను, ఎందుకంటే బ్లాక్‌చైన్ వాదన అంతా ఈ 13 వేల కోట్ల ముందు నిలబడాలి. ఆ అప్పు ఎవరు ఎవరికి ఎంత ఇవ్వాలో అందరికీ తెలుసు. ఖాతా పుస్తకంలో గందరగోళం వల్ల వచ్చిన కష్టం కాదది. టికెట్ల డబ్బు, మాల్స్ అద్దెలు కలిపినా వడ్డీ భారాన్ని మోయలేకపోవడం వల్ల వచ్చిన కష్టం. బ్లాక్‌చైన్ అంటే ఒకే ఖాతా పుస్తకానికి చాలామంది దగ్గర నకళ్లు ఉండటం. ఒకరు తన నకలులో అంకె దిద్దితే మిగతా నకళ్లతో సరిపోదు కాబట్టి మోసం కుదరదు. చాలా మంచి పుస్తకం. కానీ ఎంత మంచి పుస్తకమైనా రైల్లోకి ఒక్క ప్రయాణికుణ్ణి కూడా అదనంగా తేలేదు.

రెండో దారి బాండ్లు, అంటే ఫలానా గడువుకి తిరిగిస్తామని వడ్డీకి రాసిచ్చే అప్పు పత్రాలు. ఇందులో మనకి సొంత అనుభవమే ఉంది. జీహెచ్ఎంసీ 2018 ఫిబ్రవరిలో ఫ్లైఓవర్ల కోసం 200 కోట్లు 8.90 శాతానికి తెచ్చింది. అదే ఏడాది ఆగస్టులో 195 కోట్లకి 9.38 శాతం అయింది. 2019లో 100 కోట్లకి 10.23 శాతం. అదే నగరం, అదే రకం బాండు, ఏడాదిన్నరలో వడ్డీ ఒకటిం పావు శాతానికి పైగా పెరిగింది. వెయ్యి కోట్ల అప్పు మీద ఇది ఏడాదికి 13 కోట్లకి పైమాటే. వడ్డీని తేల్చేది మార్కెట్ పరిస్థితి, అప్పు తీసుకునేవాడి మీద నమ్మకం. బాండు ఏ సాఫ్ట్‌వేర్‌లో ఉందన్నది ఆ తర్వాతి సంగతి.

ఆ జీహెచ్ఎంసీ బాండ్లు పెద్ద సంస్థలకే అమ్మారు, మనలాంటి వాళ్లకి కాదు. జనానికి అమ్మడం ఎలాగో ఇండోర్ చూపించింది. 2023 ఫిబ్రవరిలో ఇండోర్ కార్పొరేషన్ సోలార్ ప్లాంటు కోసం 244 కోట్ల పబ్లిక్ ఇష్యూ తెచ్చింది. వడ్డీ 8.25 శాతం, ఒక బాండు వెయ్యి రూపాయలు. మొదట అడిగిన 122 కోట్లకి దాదాపు ఆరు రెట్లు దరఖాస్తులు వచ్చాయి. అంతకు ముందు 2022 అక్టోబరులో జాతీయ రహదారుల సంస్థ పెట్టిన ట్రస్టు 1,500 కోట్లకి బాండ్లు తెస్తే, తెరిచిన ఏడు గంటల్లో దాదాపు ఏడు రెట్లు దరఖాస్తులు పడ్డాయి. రోడ్డు కోసం జనం డబ్బు పెడతారా అన్న అనుమానం ఆ రోజుతో తీరిపోయింది. రెంటిలోనూ బ్లాక్‌చైన్ లేదు. షేర్లూ బాండ్లూ కాగితం లేకుండా దాచుకునే డీమ్యాట్ ఖాతా చాలు.

ఇక మూడో దారి. ప్రపంచ బ్యాంకు 2018 ఆగస్టులో పూర్తిగా బ్లాక్‌చైన్ మీద 11 కోట్ల ఆస్ట్రేలియా డాలర్ల బాండు తెచ్చింది. 2021లో యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు ఇథీరియం అనే బ్లాక్‌చైన్ మీద 10 కోట్ల యూరోల బాండు తెచ్చింది. నగరాల్లో స్విట్జర్లాండ్‌లోని లుగానో 2023లో 10 కోట్ల ఫ్రాంకులకి, అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని క్విన్సీ 2024లో కోటి డాలర్లకి ఇదే పని చేశాయి. అన్నీ సజావుగానే అమ్ముడయ్యాయి. హాంకాంగ్ ప్రభుత్వం 2023లో 80 కోట్ల హాంకాంగ్ డాలర్ల టోకెన్ బాండు తెచ్చినప్పుడు, డబ్బూ బాండూ చేతులు మారడానికి పట్టే ఐదు రోజులు ఒక్క రోజుకి తగ్గాయి.

వాళ్లకి అది పెద్ద లాభమే. మన సంగతి వేరు. మన దగ్గర 1996 నుంచే డీమ్యాట్ ఉంది. 2023 జనవరి నుంచి షేర్లన్నీ మర్నాటికే ఖాతాలో పడుతున్నాయి. వేరే చోట బ్లాక్‌చైన్ తీసేసే మధ్యవర్తుల వరసలో చాలామంది మనకి ఎప్పుడో పోయారు. పైగా క్విన్సీ తెచ్చిన కోటి డాలర్లంటే అప్పటి లెక్కలో సుమారు 84 కోట్ల రూపాయలు. మెట్రో రెండో దశలో కిలోమీటరు ఖర్చే సగటున దాదాపు 318 కోట్లు. అంటే ఆ మొత్తంతో మనకి పావు కిలోమీటరు వస్తుంది.

చిన్న మదుపరి సంగతి ఇంకా చూడాలి. మా అమ్మకి ఈ టోకెన్ బాండు గురించి చెప్పాను. ఆవిడ డబ్బంతా బ్యాంకులో ఎఫ్‌డీల్లోనే ఉంటుంది. సొంత వాలెట్ (టోకెన్లు దాచుకునే డిజిటల్ పర్సు) అయితే పాస్‌వర్డ్ లాంటి రహస్య కీ ఒకటి ఉంటుందని, అది మనమే దాచుకోవాలని చెబితే, "పోతే ఎవర్ని అడగాలిరా?" అంది. సొంత వాలెట్‌లో కీ పోతే అడగడానికి ఎవరూ లేరు. డీమ్యాట్‌లో పాస్‌వర్డ్ మర్చిపోయినా, మనిషే పోయినా నామినీకి బాండు వస్తుంది. పన్ను టెన్షన్ కూడా ఉంది. మన చట్టంలో క్రిప్టో ఆస్తుల లాభం మీద 30 శాతం పన్ను, అమ్మితే 1 శాతం టీడీఎస్. ప్రభుత్వ బాండు టోకెన్‌ని ఆ గాటన కట్టకుండా ముందు చట్టంలో స్పష్టంగా రాయాలి.

నగరం పేరుతో నాణెం తెచ్చే పద్ధతి ఒకటుంది, దాన్ని మాత్రం నేను లెక్కలోకే తీసుకోను. 2021లో మయామి పేరుతో మయామీకాయిన్ వచ్చింది. నగరానికి 52 లక్షల డాలర్లకి పైగా అందాయి కూడా. ఆ తర్వాత నాణెం విలువ 95 శాతానికి పైగా పడిపోయింది. నగరం నష్టపోలేదు, నమ్మి కొన్నవాళ్లు నష్టపోయారు. రైలెక్కే జనం దగ్గర అలా డబ్బు తీసుకోకూడదు.

మరి బ్లాక్‌చైన్‌కి ఇందులో చోటే లేదా? ఉంది, కానీ అప్పు తెచ్చే చోట కాదు, తెచ్చిన డబ్బు ఖర్చు పెట్టే చోట. మా మేనమామ రోడ్లు భవనాల శాఖలో ఏఈగా, అంటే అసిస్టెంట్ ఇంజినీరుగా చేసేవాడు. చిన్నప్పుడు ఆయనతో సైటుకి వెళ్తే టేపు రెండో కొస నేను పట్టుకునేవాణ్ణి. ఆయన పొడవు, వెడల్పు, లోతు చదివి ఎం-బుక్‌లో, అంటే కొలతల పుస్తకంలో, పెన్నుతో రాసేవాడు. ఆయన పై ఇంజినీరు డీఈ వచ్చి కొన్ని కొలతలు మళ్లీ తీసి, పక్కన సంతకం పెట్టేవాడు. అప్పుడే బిల్లు కదిలేది. కాంట్రాక్టరు ఆ పుస్తకం వైపే చూస్తూ నిలబడేవాడు. కోట్ల రూపాయల పనికైనా మూలం ఆ పేజీయే. ఆ పేజీ ఆ రోజే అందరి నకళ్లలోకి ఎక్కితే, ఆర్నెల్ల తర్వాత ఎవరూ దిద్దలేరు. రాసిన కొలతే తప్పయితే మాత్రం బ్లాక్‌చైన్ ఆ తప్పునే భద్రంగా దాస్తుంది. అందుకని రెండో కొలత తీసే మనిషి ఎప్పటికీ కావాలి.

ఇది ఊహ కాదు. కంపెనీల డిబెంచర్లకి (కంపెనీలు అమ్మే బాండ్లకి) పెట్టిన పూచీలు, షరతులు సరిగ్గా ఉన్నాయో లేదో కనిపెట్టడానికి బ్లాక్‌చైన్ తరహా వ్యవస్థ పెట్టమని మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021లోనే డీమ్యాట్ ఖాతాలు నిర్వహించే డిపాజిటరీలని ఆదేశించింది. 2022 ఏప్రిల్ నుంచి అది అమల్లోకి వచ్చింది. మెట్రో బాండుకి కూడా అలాంటిదే జోడించవచ్చు.

కాబట్టి 11,693 కోట్లలో చాలా భాగం జైకా లాంటి దీర్ఘకాలపు చౌక రుణమే ఉండాలి. అంత ఓపిక జనం బాండుకి ఉండదు, ఉండాలని అడగడం న్యాయమూ కాదు. ఒక 500 కోట్లో వెయ్యి కోట్లో మాత్రం ఇండోర్ పద్ధతిలో, వెయ్యి రూపాయల బాండ్లుగా, డీమ్యాట్‌లో, ప్రభుత్వ పూచీతో పబ్లిక్ ఇష్యూ తేవాలి. వడ్డీ కట్టడానికి టికెట్ డబ్బు మీదే ఆధారపడకుండా, స్టేషన్ల చుట్టూ పెరిగే భూమి విలువ నుంచి వచ్చే రాబడిని ఆ పనికి తప్ప ఇంకెందుకూ వాడలేని ఎస్క్రో ఖాతాలో వేయాలి. ఆ బాండు డబ్బుతో కట్టే ప్రతి పిల్లరు కొలతా, ప్రతి బిల్లు తేదీ బ్లాక్‌చైన్ రికార్డులోకి వెళ్లాలి, బాండు కొన్న ఎవరైనా ఫోన్లో చూడగలగాలి.

అలాంటి ఇష్యూ వస్తే మొదటి రోజే పది బాండ్లకి అప్లై చేస్తాను. అమ్మ కూడా ఒక ఎఫ్‌డీ మెచ్యూరిటీ తేదీ చూసి పెట్టింది.