పిక్సెల్ నగరం: చూపుకి ముచ్చట, కట్టడానికి ఓపిక

వచ్చినవాళ్లే తలా ఒక ప్లాటు తీసుకుని, పిక్సెళ్లతో, అంటే తెర మీది చిన్న చుక్కలతో, బొమ్మ గీసి కట్టుకుంటూ పోయే ఆన్‌లైన్ నగరం ఇది. గీసేది ఐసోమెట్రిక్ పద్ధతిలో, అంటే పైనుంచి ఏటవాలుగా చూసినట్టు, దూరంవి కూడా చిన్నవి కాకుండా. కాబట్టి నేల మీది ప్రతి వాలు గీతా 2 పిక్సెళ్లు పక్కకి, 1 పైకి, మెట్లలా వెళ్లాలి. ఒక్కచోట 3 పడిందా, గోడ వంకరపోతుంది, పక్క ప్లాటు రోడ్డుతో అతకదు. పెన్సిల్ టూలే వాడండి. మెత్తటి బ్రష్ అంచుల్లో సగం పారదర్శకమైన పిక్సెళ్లు వదులుతుంది, నేపథ్యం తీసేశాక అవే మురికిలా మిగిలిపోతాయి. సేవ్ చేసేది పీఎన్‌జీ అనే ఫైలు రకంలోనే. జేపెగ్ అయితే గీతల చుట్టూ రంగులు చెదురుతాయి. పెద్దది చేయాలంటే 200, 300 శాతమే, 150 పెడితే మసకే.

అసలు లోపం వెలుతురుది. ఒకరి మేడకి ఎడమ గోడ వెలుగు, పక్కవాళ్లకి కుడి గోడ. వీధికి ఇద్దరు సూర్యుళ్లన్నమాట! ప్లాటుతో పాటు నమూనా ఇల్లు ఒకటి చేతిలో పెడితే ఈ గొడవ ఉండేది కాదు.