22 ఎం.ఎం. వెనక స్వే బార్ కిట్: బార్ భేష్, గ్రీజు దగ్గర పిసినారితనం

ముందు చక్రాలతో నడిచే కారు మలుపులో స్టీరింగ్ మాట వినక బయటికి లాగేస్తుంటే, ఈ కిట్ మంచి మందే. స్వే బార్ అంటే రెండు పక్కల చక్రాల్నీ కలిపి, మలుపులో బండి ఒరగడాన్ని తగ్గించే ఉక్కు కడ్డీ. పాత బార్ 19 ఎం.ఎం. తేడా మూడే కదా అనుకోకండి. గట్టిదనం వ్యాసానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. రెండూ ఒకే పొడవు, ఒకే ఆకారం ఉన్న, లోపల బోలు లేని కడ్డీలైతే దాదాపు 80 శాతం ఎక్కువ.

బార్‌ని చక్రం వైపు కలిపే చిన్న కడ్డీని, అంటే లింకుని, బిగించడానికి ఒక్కో కొసన రెండేసి రంధ్రాలున్నాయి. చివరిది మెత్తన, లోపలిది గట్టి. మెత్తనతోనే మొదలుపెట్టండి. గట్టిదాంట్లో తడి రోడ్డు మీద వెనక భాగం చటుక్కున జారొచ్చు.

లోపమల్లా గ్రీజే. ఇచ్చిన బుల్లి పొట్లం బార్ చుట్టూ తొడిగే రెండు బుష్‌లకి ఏ మూలకీ చాలదు. పాలీయురేథేన్ బుష్ పొడిగా ఉంటే స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడల్లా కిర్రుమంటుంది. సిలికాన్ గ్రీజు విడిగా కొని లోపలంతా పట్టించాలి.

బిగించేటప్పుడు వెనక చక్రాలు రెండూ ఒకే ఎత్తులో ఉండాలి. ఒకవైపే జాకీ వేస్తే బార్ మెలిపడి లింకు బోల్టు రంధ్రానికి అందదు. సుత్తి తీశారో, మరలు పోతాయి. నట్టుతోపాటు బాల్ స్టడ్ (లింకు కొసన గుండ్రటి తల ఉన్న బోల్టు) కూడా తిరుగుతుంటే, దాని కొసని అలెన్ కీతో పట్టుకుని స్పానర్ తిప్పండి.

గుంతల్లో మాత్రం ఒక చక్రం కుదుపు రెండోదానికీ తెలుస్తుంది.