మైనేతా సైటు: కేసుల అంకె దగ్గరే ఆగకండి

ఏ నాయకుడి వెంట నడవాలో తేల్చుకోవడానికి ఓటరుకు అందుబాటులో ఉన్నవాటిలో మైనేతా సైటే ఎక్కువ పనికొస్తుంది. పైసా ఖర్చు లేదు. నడిపేది ఎన్నికల సంస్కరణల కోసం పనిచేసే ఏడీఆర్ (అసోసియేషన్ ఫర్ డెమోక్రటిక్ రిఫార్మ్స్) అనే సంస్థ. అభ్యర్థుల వివరాలు తెలుసుకోవడం ఓటరు హక్కని 2002లో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది వీళ్ల కేసులోనే. నామినేషన్‌తో పాటు ఇచ్చే ఫారం 26 అఫిడవిట్లను వీళ్లు పట్టికలుగా పెడతారు.

నియోజకవర్గం నొక్కగానే పేరు, పార్టీ, కేసులు, చదువు, ఆస్తి, అప్పు వరుసగా కనబడతాయి. చాలామంది కేసుల అంకె చూసి అక్కడే ఒక నిర్ణయానికి వచ్చేస్తారు. అది పొరపాటు. పన్నెండు కేసులున్నాయంటే అన్నీ ధర్నా, రాస్తారోకోల్లో పెట్టిన పాత శిక్షాస్మృతి (ఐపీసీ) 143, 188, 341 సెక్షన్లే కావచ్చు. ఒక్కటే ఉన్నాయన మీద అది 307 కావచ్చు. పేరు మీద నొక్కి సెక్షన్లు చదవండి: 302 హత్య, 307 హత్యాయత్నం, 420 మోసం. 2024 జులై 1 నుంచి జరిగిన నేరాలకు కొత్త చట్టం (భారతీయ న్యాయ సంహిత) అంకెలుంటాయి: హత్యకు 103, హత్యాయత్నానికి 109, మోసానికి 318. ఆ తర్వాత కోర్టు అభియోగాలు ఖరారు చేసిందా లేదా చూడాలి. చేసిందంటే విచారణ జరపాల్సినంత విషయం ఉందని జడ్జి భావించినట్టు. ఎఫ్ఐఆర్ దగ్గరే ఆగిన కేసుకు అంత బరువు లేదు.

ఆస్తుల దగ్గర ఇంకాస్త ఓపిక కావాలి. పాత ఎన్నికల లెక్కతో పోల్చుకునే వీలు సైటులోనే ఉంది. రెండు కోట్లు ఇరవై కోట్లయ్యాయని కనబడితే అసలు అఫిడవిట్ తెరవండి. భూమికి సర్వే నంబరు, విస్తీర్ణం, కొన్న తేదీ, కొన్న ధర, ఇప్పటి విలువ ఉంటాయి. సర్వే నంబర్లు పాతవే అయితే పెరిగింది భూమి ధర. కొత్త నంబర్లు చేరితే, అదే అఫిడవిట్‌లో ఉన్న ఐదేళ్ల ఐటీ రిటర్నుల ఆదాయంతో సరిచూడండి. భార్య లేదా భర్త, ఆధారపడిన పిల్లల కాలమ్‌లు కూడా చూడాలి. సొంతంగా సంపాదిస్తున్న కొడుకు పేర ఉన్నది ఇందులో రాదు. ఫారంలో ఉన్న పెద్ద సందు ఇదే.

ఇదంతా అభ్యర్థి తనకు తాను చెప్పుకున్నది. రిటర్నింగ్ అధికారి ఖాళీలు వదిలారేమో చూస్తారు గానీ రాసింది నిజమా కాదా అని విచారించరు.

సైటులో పట్టికలు ఇంగ్లీషులో ఉండటం మన పల్లె ఓటరుకు నిజంగా అడ్డంకే. చేతిరాత స్కాన్ల నుంచి అంకెలు ఎక్కించేటప్పుడు తప్పులు దొర్లే వీలుంది కాబట్టి ముఖ్యమైన అంకెను ఎన్నికల సంఘం అఫిడవిట్ పోర్టల్‌లోని అసలు కాపీతో సరిపోల్చుకోవాలి. ఒక్కో అభ్యర్థి నాలుగు సెట్ల వరకు నామినేషన్ వేయొచ్చు, చివరిగా వేసినది తెరవండి. ఒకే పేరుతో ఇద్దరు ముగ్గురు నిలబడే చోట తండ్రి పేరు, వయసు చూడకపోతే ఒకరి కేసులు ఇంకొకరికి అంటగట్టేస్తాం.

పనితీరు మాత్రం ఇక్కడ దొరకదు. ఎంపీల హాజరు, ప్రశ్నలు, చర్చల లెక్క పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ అనే సంస్థ సైటులో ఉంటుంది. అక్కడ మంత్రుల హాజరు కనబడదు. వాళ్లు సభ రిజిస్టరులో సంతకం పెట్టరు కాబట్టి దాన్ని గైర్హాజరు కింద లెక్కేయకూడదు. సర్పంచ్, కార్పొరేటర్ ఎన్నికలు రాష్ట్ర ఎన్నికల సంఘం కింద జరుగుతాయి, ఆ అఫిడవిట్ల కోసం ఆ సంఘం దగ్గర లేదా స్థానిక ఎన్నికల అధికారి దగ్గర అడగాలి.